ఏ బ్రాంచి తీసుకోవాలి, ఎలా చదవాలి: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇంజినీరింగ్ గురించే. కొన్ని పిల్లలు రాసినవి, కొన్ని వాళ్ల అమ్మానాన్నలు రాసినవి. జూనియర్ కాలేజీలో 26 ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, ఈ టెన్షన్ నాకు కొత్త కాదు. కానీ ప్రతి ఏడాదీ ఒక సంగతి చూసి మనసు కష్టపడుతుంది. రెండేళ్లు రాత్రింబవళ్లు ర్యాంకు కోసం చదివిన పిల్లలు, ఆ ర్యాంకుతో ఏం చదవాలన్నది మాత్రం కౌన్సెలింగ్‌కి రెండు రోజుల ముందు, ఎవరో చెప్పిన మాట మీద తేల్చేస్తారు. నవంబర్‌లోనే అడిగినవాళ్లకి ఇంకా చాలా టైమ్ ఉంది, అందుకే ఈసారి జవాబులన్నీ దీనికే. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాను, పేర్లు తీసేశాను.

"ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. ఫిజిక్స్‌లో కరెంటు, సెమీకండక్టర్ల పాఠాలు నాకు బాగా ఇష్టం. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) తీసుకోవాలని ఉంది. నాన్న, బాబాయి మాత్రం సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) తప్ప ఇంకేం వద్దంటున్నారు, ఈసీఈలో ఉద్యోగాలు లేవంటున్నారు. ఏం చేయను సార్?"
– విద్యార్థిని, సిద్దిపేట

అమ్మా, నీకేది ఇష్టమో నీకు తెలుసు, అది చిన్న విషయం కాదు. నా క్లాసులో కూర్చున్న చాలామంది పిల్లలు ఆ మాట కూడా చెప్పలేకపోయేవాళ్లు. అయితే ఇంటర్‌లో రెండు పాఠాలు నచ్చడానికీ, నాలుగేళ్లు అదే చదవడానికీ తేడా ఉంది, కాబట్టి ఇంట్లో వాదన పెట్టుకునే ముందు ఒక పని చెయ్యి. జేఎన్‌టీయూ హైదరాబాద్ వెబ్‌సైట్‌లో ప్రతి బ్రాంచికీ బీటెక్ సిలబస్ ఉంటుంది, ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఈసీఈది, సీఎస్‌ఈది రెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకో. ఈసీఈలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ అనే సబ్జెక్టు ఉంటుంది, అందులో ఫోరియర్, లాప్లాస్ అంటూ అంతా లెక్కలే. విద్యుదయస్కాంత తరంగాలు, అనలాగ్ సర్క్యూట్లు, డిజిటల్ సర్క్యూట్లు, కమ్యూనికేషన్, మైక్రోప్రాసెసర్లు, వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల డిజైన్) వస్తాయి. సర్క్యూట్లు ఇష్టమై చేరి, ఆ లెక్కల దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చూశాను, అందుకే ముందే చెబుతున్నాను. నీకు లెక్కలు కూడా బాగుంటే ఇక భయం లేదు. సీఎస్‌ఈలో డేటా స్ట్రక్చర్లు, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటాబేస్‌లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్‌లు ఉంటాయి. ఒక ప్రోగ్రాం రాసి, అది నడవకపోతే తప్పెక్కడుందా అని రెండు గంటలు విసుగు లేకుండా వెతకగలిగేవాళ్లకి ఆ చదువు హాయిగా ఉంటుంది, లేనివాళ్లకి జీతం ఎంతొచ్చినా కష్టంగానే ఉంటుంది.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఈ పాఠాలన్నీ ఉచితంగా ఉన్నాయి. ఒక ఆదివారం ఈసీఈ పాఠం ఒకటి, సీఎస్‌ఈ పాఠం ఒకటి చూడు. అంతా అర్థం కాదు, అర్థం కానక్కర్లేదు. చూశాక తర్వాతి పాఠం కూడా చూడాలనిపించిందా లేదా, నాకు కావలసింది ఆ ఒక్క జవాబే.

ఇక ఉద్యోగాల మాట. నాన్నగారి భయాన్ని నేను తీసిపారేయను, ఫీజు కట్టేది ఆయన, రేపటి గురించి ఆలోచించేదీ ఆయనే. ఆయనకి ఈ సంగతులు నెమ్మదిగా చెప్పు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు క్యాంపస్‌కి వచ్చినప్పుడు చాలా ఉద్యోగాలకి ఈసీఈ, ఈఈఈ (ఎలక్ట్రికల్) పిల్లల్ని కూడా కూర్చోనిస్తాయి, కోడింగ్ వస్తే చాలు. సీఎస్‌ఈ చదివి చిప్ డిజైన్ వైపు వెళ్లడం మాత్రం అంత తేలిక కాదు, ఎందుకంటే దానికి కావలసిన సబ్జెక్టులు సీఎస్‌ఈలో చాలావరకు ఉండవు. క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి కంపెనీలకి హైదరాబాద్‌లోనే ఆఫీసులున్నాయి. వాటిలో చేరడం కష్టమే, కానీ ఈసీఈలో ఉద్యోగాలే లేవన్న మాట నిజం కాదు. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే యూపీఎస్‌సీ పెట్టే ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ అనే నాలుగు విభాగాల్లోనే ఉంటుంది, కంప్యూటర్ సైన్స్ అందులో లేదు. ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. ఇంకొకటి, దేశంలో సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ సంస్థ నిబంధనల ప్రకారం ఒక బ్రాంచిలో బీటెక్ చేస్తూ 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చదివితే వేరే బ్రాంచిలో మైనర్ డిగ్రీ తీసుకోవచ్చు, అంటే ఈసీఈ చదువుతూ కంప్యూటర్ సైన్స్ మైనర్. అన్ని కాలేజీల్లో ఈ సదుపాయం ఉండదు, చేరే ముందు అడగాలి. ఇవన్నీ చెప్పాక కూడా ఆయన ఒప్పుకోకపోతే మళ్లీ రాయి. నాన్నగారికి ఇంకో ఉత్తరం నేనే రాస్తాను.

"మా అబ్బాయికి మంచి ర్యాంకు రాదేమోనని భయంగా ఉంది. ఒక కాలేజీవాళ్లు ఇప్పుడే మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈలో ఏఐ అండ్ ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) సీటు ఖాయం చేసుకోమంటున్నారు, ఫీజు కాకుండా ఇంకా డబ్బు అడుగుతున్నారు. ఏఐ అంటే మామూలు సీఎస్‌ఈ కంటే మంచిదేనా?"
– ఒక తండ్రి, అనంతపురం

అయ్యా, ముందు డబ్బు మాట. నిర్ణయించిన ఫీజు కాకుండా పైన తీసుకునేదాన్ని చట్టం క్యాపిటేషన్ ఫీజు అంటుంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నిషేధిస్తూ 1983లోనే చట్టం వచ్చింది. దానికి రసీదు ఇవ్వరు, రేపు సీటు వద్దనుకుంటే ఆ డబ్బు తిరిగి రాదు. పరీక్ష ఇంకా మేలో ఉంటే నవంబర్‌లో మిమ్మల్ని తొందరపెట్టేవాళ్ల గురించి కాస్త ఆలోచించండి. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా రాదు, నాలుగేళ్ల ఖర్చు మొత్తం మీదే. ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో 70 శాతం సీట్లుంటాయి, మీ అబ్బాయి ఇంకా పరీక్షే రాయలేదు.

ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ అన్న పేర్లు చూసి కంగారు పడకండి. మొదటి రెండేళ్ల సబ్జెక్టులు చాలావరకు మామూలు సీఎస్‌ఈవే, తేడా ఎక్కువగా మూడు, నాలుగు సంవత్సరాల్లో వస్తుంది. పేరు మంచిదా కాదా అన్నది పక్కన పెట్టి, ఆ ప్రత్యేక సబ్జెక్టులు చెప్పడానికి ఆ కాలేజీలో ఎవరున్నారో చూడండి. కాలేజీకి వెళ్లి ఆ డిపార్ట్‌మెంట్ మాస్టార్ల జాబితా అడగండి, వాళ్లు ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారో అడగండి, మూడో ఏడాది చదువుతున్న పిల్లల్ని గేటు బయట కలిసి ల్యాబ్‌లు ఎలా ఉన్నాయో అడగండి. నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్ గుర్తింపు మొత్తం కాలేజీకి వస్తుంది, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం ఒక్కో బ్రాంచికి విడిగా వస్తుంది. బోర్డు మీద ఎన్‌బీఏ అని రాసి ఉన్నా అది మెకానికల్‌కో సివిల్‌కో అయి ఉండొచ్చు, మీరు చేర్చబోయే బ్రాంచికి ఉందో లేదో ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో చూడండి. కొత్తగా పెట్టిన బ్రాంచికి కొన్ని బ్యాచ్‌లు బయటికి వెళ్లాకే ఆ గుర్తింపు వస్తుంది, కాబట్టి లేనంత మాత్రాన చెడ్డదనీ అనలేం.

నన్నడిగితే, బలహీనమైన కాలేజీలో సీఎస్‌ఈ కంటే బాగా చదువు చెప్పే కాలేజీలో ఈసీఈ, ఈఈఈ నయం, అబ్బాయికి ఆ సబ్జెక్టు అంటే అసలు గిట్టకపోతే తప్ప. పొలం అమ్మి సీటు కొనొద్దని మాత్రం చేతులు జోడించి చెబుతున్నాను.

"ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం చదువుతున్నాను. కోచింగ్‌కి వెళ్లే స్తోమత లేదు. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? జేఈఈ కూడా రాయాలా?"
– విద్యార్థి, ఆదిలాబాద్

తెచ్చుకోవచ్చు బాబూ, నీ ఉత్తరం చూసి చాలా సంతోషం వేసింది. ఎప్‌సెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తుంది, సిలబస్ నువ్వు చదివే ఇంటర్‌దే. అంటే నీ దగ్గరున్న తెలుగు అకాడమీ పుస్తకాలే నీ అసలు ఆస్తి. పరీక్ష ఎలా ఉంటుందో ముందు సరిగ్గా తెలుసుకో. 160 ప్రశ్నలు, 160 మార్కులు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నెగెటివ్ మార్కులు లేవు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలంటే ఒక్కో ప్రశ్నకి 67.5 సెకన్లు. ఈ ఒక్క అంకె చూస్తేనే ఎలా చదవాలో సగం తెలిసిపోతుంది. ఇది కష్టమైన లెక్కని కుస్తీ పట్టి గెలిచే పరీక్ష కాదు, తెలిసిన లెక్కని తొందరగా, తప్పు లేకుండా చేసే పరీక్ష. సగం మార్కులు లెక్కలవే కాబట్టి నీ రోజులో సగం దానికే ఇవ్వు.

చాలామంది కెమిస్ట్రీతో మొదలుపెడతారు, నేనూ అదే చెబుతాను. అందులో చదివి గుర్తుంచుకునే ప్రశ్నలు ఎక్కువ, అరగంటలో 40 ప్రశ్నలు చూసేయొచ్చు. ఫిజిక్స్‌కి 45 నిమిషాలు ఇస్తే లెక్కలకి 105 నిమిషాలు మిగులుతాయి, ఒక్కో లెక్కకి 79 సెకన్లు వస్తాయి. ఇదే పద్ధతి నీకు నప్పుతుందని కాదు. మూడు నాలుగు మోడల్ పరీక్షలు రాసి చూసుకుని నీ క్రమం నువ్వు ఖాయం చేసుకో, తర్వాత మార్చకు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. ఒక 200 పేజీల నోట్‌బుక్ కొను, దాని మీద తప్పులు అని రాయి. పరీక్ష రాసిన ప్రతిసారీ తప్పైన ప్రతి ప్రశ్నా అందులో ఎక్కించు, పక్కనే ఎందుకు తప్పైందో ఒక్క వాక్యం రాయి. సూత్రం తెలియలేదా, సమాకలనం చేస్తూ మైనస్ గుర్తు వదిలేశావా, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చలేదా, లేదా ప్రశ్నలో "సరికానిది" అని ఉంటే "సరైనది" అని చదివేశావా. ఈ చివరిది మన పిల్లలు ఎంతమంది చేస్తారో చెప్పలేను, బాగా చదివేవాళ్లకే ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే వాళ్లు వేగంగా చదువుతారు. నెల తర్వాత ఆ నోట్‌బుక్ తిరగేస్తే నీ తప్పులన్నీ ఐదారు రకాలే అని నీకే కనిపిస్తుంది. కోచింగ్‌లో వెయ్యి మందిని కూర్చోబెట్టి చెప్పే మాస్టారికి నీ తప్పు ఏ రకమో తెలియదు, నీకు తెలుస్తుంది. ఈ పని చేసిన పిల్లల్ని నేను కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. కొత్త గైడు కొనడానికి డబ్బు లేదని బాధపడకు, ఆ నోట్‌బుక్ ఏ గైడులోనూ దొరకదు.

లెక్కల్లో ఎక్కడ మొదలుపెట్టాలంటే, చిన్నవిగా ఉండి మార్కులు తప్పకుండా ఇచ్చేవి ముందు పట్టు. మాత్రికలు, సదిశలు, సరళరేఖలు, సంకీర్ణ సంఖ్యలు, వృత్తాలు. సమాకలనం, ప్రస్తారాలు సంయోగాలు సమయం తింటాయి, వాటిని రోజుకు కొన్ని చొప్పున ఆపకుండా చెయ్యి. మొదటి ఏడాది సిలబస్ మర్చిపోకు, పరీక్షలో అదీ ఉంటుంది, చాలామంది రెండో ఏడాది హడావిడిలో దాన్ని ఏప్రిల్ దాకా ముట్టుకోరు.

పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ లేకపోయినా కాలేజీ ల్యాబ్‌లోనో, మండలంలో ఏదైనా సెంటర్‌లోనో కనీసం ఐదారుసార్లు పూర్తి పరీక్ష రాయి, ఎప్‌సెట్ అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్టులు ఉచితంగా ఉంటాయి. తెర మీద ప్రశ్న చూసి కాగితం మీద చేసేటప్పుడు అంకెలు తప్పు ఎక్కించుకోవడం చాలా మామూలు, అది అలవాటుతోనే పోతుంది.

ఎన్‌ఐటీల లాంటి జాతీయ కాలేజీల ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ కూడా రాయి. తెలుగులోనూ రాయొచ్చు, అయితే దరఖాస్తులోనే భాష ఎంచుకోవాలి. వరంగల్ ఎన్‌ఐటీ ఉన్నది మన రాష్ట్రంలోనే, ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకే ఉంటాయి. అక్కడ 75 ప్రశ్నలకి మూడు గంటలు, ప్రశ్నకి 144 సెకన్లు, అంటే ప్రశ్న లోతుగా ఉంటుంది. రెండిటికీ పాఠాలు చాలావరకు ఒకటే, సాధన వేరు. ఐఐటీల కోసం రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, ఇది ముందే తెలుసుకో.

బీటెక్ క్లాసులు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి ఇప్పటినుంచే నోట్స్‌లో తెలుగు మాట పక్కన ఇంగ్లిష్ మాట రాసుకో. త్వరణం పక్కన ఆక్సిలరేషన్, ద్రవ్యవేగం పక్కన మొమెంటమ్, సమాకలనం పక్కన ఇంటిగ్రేషన్. రోజుకు ఐదు మాటలు చాలు, జూన్ వచ్చేసరికి వెయ్యి మాటలు దాటతాయి.

"నెగెటివ్ మార్కులున్న పరీక్షలో తెలియని ప్రశ్న వదిలేయాలా, గుర్తు పెట్టాలా?"
– విద్యార్థి, ఖమ్మం

ఎప్‌సెట్‌లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకు, చివరి మూడు నిమిషాలు దానికే ఉంచుకో. జేఈఈ మెయిన్‌లో సరైనదానికి 4, తప్పుకి మైనస్ 1. నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా కావని తెలిస్తే మిగిలిన రెండిట్లో ఒకటి పెట్టు, అలాంటివి పది పెడితే సగటున ఐదు సరైనవి అవుతాయి, 20 వచ్చి 5 పోతాయి. ఏమీ తెలియనప్పుడు కళ్లు మూసుకుని పెడితే లెక్క ప్రకారం లాభం చాలా తక్కువ, రోజు బాగోకపోతే నష్టమే. అంకె టైప్ చేసే ప్రశ్నల్లో ఊహకి చోటే లేదు, వాటికీ మైనస్ ఉంది, తెలియకపోతే వదిలెయ్.

"జేఈఈలో 85 పర్సంటైల్ వచ్చిందంటే 85 శాతం మార్కులా? మా కాలేజీలో ఇంటర్ మార్కులు పట్టించుకోవద్దంటున్నారు, నిజమేనా?"
– విద్యార్థిని, ఏలూరు

కాదమ్మా. 85 పర్సంటైల్ అంటే నీ సెషన్‌లో రాసినవాళ్లలో నూటికి 85 మందికి నీ అన్ని మార్కులో అంతకంటే తక్కువో వచ్చాయని అర్థం. మార్కుల శాతంతో దానికి సంబంధం లేదు.

ఇంటర్ మార్కులు తప్పకుండా పట్టించుకోవాలి. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం రావాలి, లేదా మీ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 65 శాతం. ర్యాంకు వచ్చి, మార్కులు చాలక సీటు పోగొట్టుకున్న పిల్లల్ని చూడటం చాలా బాధ. మీ ఆంధ్రప్రదేశ్‌లో ఎప్‌సెట్ ర్యాంకుకి ఇంటర్ గ్రూపు మార్కుల వెయిటేజీ 25 శాతం ఉంటూ వచ్చింది, తెలంగాణలో తీసేశారు. ఈ ఏడాది నోటిఫికేషన్ రాగానే ఆ పేరా ముందు చదువు. జనవరి జేఈఈ అవగానే ఫిబ్రవరి అంతా బోర్డు పరీక్షలకే పెట్టు, చూసి కాకుండా రాసి చదువు.

"ఈ ఏడాది కౌన్సెలింగ్‌లో మా అక్కకి ర్యాంకు బాగానే వచ్చినా, సీటు తప్పకుండా రావాలని తక్కువ స్థాయి కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టింది, అదే వచ్చింది. వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలి?"
– విద్యార్థి, గుంటూరు

మీ అక్క విషయం చదివి మనసు కలుక్కుమంది, ఇది ప్రతి ఏడాదీ జరుగుతోంది. కంప్యూటర్ నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు నీ జాబితాలో పైనుంచి కిందకి చూస్తుంది, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. కాబట్టి మొదటి స్థానంలో నీకు రాదనుకునే గొప్ప కాలేజీ పెట్టినా పోయేదేమీ లేదు, అది రాకపోతే రెండోది చూస్తుంది, రెండోది రాకపోతే మూడోది. వస్తుందా రాదా అన్న లెక్కతో వరుస మార్చకు, నీకు ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద, అంతే. వచ్చే అవకాశం చూసుకోవలసింది జాబితా పొడవు విషయంలో. కిందటి ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచికి చివరి ర్యాంకు ఎంతో లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ అని కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో పెడతారు, నీ కేటగిరీ, మీ ప్రాంతం వరుస చూసి, నీ ర్యాంకుకి తప్పకుండా వచ్చేవి కూడా చివర్లో చేరేలా జాబితాని పొడిగించు. పది ఆప్షన్లు పెట్టి ఆపేయకు, చేరడం ఇష్టం లేని కాలేజీని మాత్రం ఎక్కడా పెట్టకు. ముందు కాగితం మీద రాసుకో, తర్వాత ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని కోడ్‌లు సరిచూసుకుంటూ ఎక్కించు. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకు, ఆప్షన్లు మేమే పెట్టిపెడతామనే కాలేజీ ఏజెంట్లకి అసలే ఇవ్వకు.

ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల జాతీయ కౌన్సెలింగ్‌కి కూడా వెళ్లేటట్లయితే ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నవి కావాలి. రాష్ట్రంలో బీసీ అయినా కేంద్ర ఓబీసీ జాబితాలో లేని కులాలు కొన్ని ఉన్నాయి, అదీ ముందే చూసుకో.

"పదో తరగతి చదువుతున్నాను. ఇంటర్ చేయాలా, పాలిటెక్నిక్‌కి వెళ్లాలా?"
– విద్యార్థి, శ్రీకాకుళం

చేతులతో పని చేయడం ఇష్టమై, ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే పాలిటెక్నిక్ చాలా మంచి దారి. మూడేళ్ల డిప్లొమా అవగానే ఉద్యోగానికి వెళ్లొచ్చు, లేదా ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. ఐఐటీ, ఎన్‌ఐటీ కావాలంటే మాత్రం ఇంటర్ ఎంపీసీ దారే. మీ జిల్లాలోనే ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) క్యాంపస్ ఉంది, పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువుకి సీటు ఇస్తారు, దానికీ దరఖాస్తు చెయ్యి.

"మొన్న ఎప్‌సెట్‌లో 62 వేల ర్యాంకు వచ్చింది. మళ్లీ రాయడానికి లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరాను. ఐదు నెలలైంది, మోడల్ పరీక్షల్లో మార్కులు కదలడం లేదు. తప్పు చేశానా?"
– విద్యార్థి, కర్నూలు

లేదు, ఇప్పుడు ఆ ప్రశ్న వల్ల లాభం కూడా లేదు. నీ దగ్గర మేదాకా సమయం ఉంది. చివరి ఆరు మోడల్ పరీక్షల పేపర్లు బయటికి తీసి, చేయగలిగీ తప్పు చేసిన ప్రశ్నలు ఎన్నో విడిగా, అసలు రానివి ఎన్నో విడిగా లెక్కపెట్టు. మొదటివి ఎక్కువుంటే నీకు కొత్త క్లాసులు వద్దు, టైమ్ పెట్టుకుని సాధన కావాలి. రెండోవి ఎక్కువుంటే ఏ పాఠాలో చూసి, ఆ పాఠాలని అకాడమీ పుస్తకంలో మొదటి ఉదాహరణ నుంచి మళ్లీ మొదలుపెట్టు. లాంగ్‌టర్మ్‌లో పిల్లలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, విన్న పాఠమే మళ్లీ వింటారు, వింటుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, పెన్ను పట్టుకుంటే రాదు.

"మా వాడు హాస్టల్‌లో ఉండి చదువుతున్నాడు. ఫోన్ చేస్తే రాత్రి ఒంటిగంట దాకా చదువుతున్నానంటాడు, పొద్దున్నే ఐదుకి లేపుతారట. ఈ మధ్య ఎప్పుడు మాట్లాడినా ఏడుస్తున్నాడు, నా వల్ల కాదమ్మా అంటున్నాడు. మార్కులు కూడా తగ్గాయి. ఇంకా కష్టపడమని చెప్పాలో, ఇంటికి తెచ్చేయాలో తెలియడం లేదు."
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

అమ్మా, మిగతా ఉత్తరాలు ఆగుతాయి, మీరు మాత్రం ఈ జవాబు చదివిన రోజే బయల్దేరి వెళ్లి మీ అబ్బాయిని చూడండి. నాలుగు గంటల నిద్రతో ఏ పిల్లవాడికీ చదివింది నిలవదు. నిద్రలోనే మెదడు పగలు చదివినదాన్ని సర్దుకుంటుంది, ఆ సమయమే తీసేస్తే మార్కులు తగ్గక ఏం చేస్తాయి? వాడు సోమరి కాదు, అలసిపోయాడు. ఇంకా కష్టపడమనే మాట ఇప్పుడు వాడి చెవిలో వేరేలా వినిపిస్తుంది.

వెళ్లాక పుస్తకాల ఊసెత్తకండి. భోజనానికి బయటికి తీసుకెళ్లండి, వాడు మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే పక్కన కూర్చోండి. నా వల్ల కాదు అంటే చదువు వల్ల కాదంటున్నాడా, బతకడమే వల్ల కాదంటున్నాడా అన్నది మీకు తెలియాలి. సూటిగా అడగండి, అడిగితే లేనిపోని ఆలోచన పుడుతుందేమో అన్న భయం వద్దు, అడగడం వల్ల పిల్లలకి బరువు దిగుతుంది. అలాంటి మాట ఏ కొంచెం వచ్చినా ఆ రాత్రి అక్కడ వదలకండి, ఇంటికి తీసుకొచ్చేయండి, వాణ్ని ఒంటరిగా ఉంచకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి. కాలేజీ ఏమంటుంది, కట్టిన ఫీజు ఏమవుతుంది అన్నవి తర్వాత చూసుకోవచ్చు.

అలాంటిదేమీ లేదని తేలితే వార్డెన్‌తో, ప్రిన్సిపాల్‌తో కూర్చుని రాత్రి పదికి పడుకోనివ్వాలని గట్టిగా చెప్పండి. ఏడు గంటల నిద్ర కుదరదంటే వేరే కాలేజీ చూడండి, లేదా ఇంటి నుంచి వెళ్లి వచ్చేలా చేయండి. ఇంటర్ రెండో ఏడాది ఇంట్లో ఉండి చదివి మంచి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు నా దగ్గరే ఎంతోమంది చదివారు. ఒక ఏడాది ఆగినా ఎప్‌సెట్ మళ్లీ రాయొచ్చు, జేఈఈ మెయిన్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది.

ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ఉంది, నంబర్ 14416, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ అబ్బాయి కూడా చేయొచ్చు, వాడితో ఎలా మాట్లాడాలో తెలియక మీకు దిగులుగా ఉంటే మీరూ చేయొచ్చు. బస్సెక్కే ముందు ఆ నంబర్ మీ ఫోన్‌లో రాసుకోండి.